సర్కారు జీపు టైరు: పుంత బురద నుంచి మన్యం రాళ్ల దాకా

సంఘం కార్యదర్శి గారు ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి పంపమని కబురు చేశారు. ధవళేశ్వరం ఆనకట్ట గురించి, హేవలాక్ వంతెన గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నాకేం మిగిలిందా అని ఆలోచిస్తే చివరికి టైరు మిగిలింది. నవ్వకండి. ముప్పై ఆరేళ్ల సర్వీసులో పదకొండేళ్లు నేను చూసింది వాహనాల సీటు. లాగ్ బుక్కులు, పెట్రోలు బిల్లులు, కొటేషన్లు, టైర్ల రిజిస్టరు, వీటి మధ్యనే నా జుట్టు నెరిసింది. ఏ టైరు ఎప్పుడు వేశారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎందుకు తీసేశారు అని వరస తప్పకుండా రాసిన చెయ్యి ఇది. ఆ రిజిస్టరులో నేను రాసిన ఒక మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. దాని సంగతి తరవాత చెబుతాను.

ఇప్పుడీ విషయం గుర్తు రావడానికి కారణం మా మనవడు. వాడు థార్ బండి కొన్నాడు. కొన్న నెలకే "తాతయ్యా, దీనికి పెద్ద పెద్ద గుబ్బల బురద టైర్లు వేయిస్తాను, మారేడుమిల్లి వెళ్లాలి" అన్నాడు. "ఏ నేల మీద తిప్పుతావురా?" అని అడిగాను. వాడు తెల్లబోయాడు. టైరు కొనేవాడు ముందు ఆలోచించవలసిన సంగతి అదేనని నాకు తెలియడానికి పాతికేళ్లు పట్టింది గనుక వాణ్ణి తప్పుపట్టలేదు.

మన డెల్టాలో చక్రం కథ అసలు చక్రం లేకుండానే మొదలైంది. కాటన్ దొర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో పూర్తి చేయించాక కాలవలు వచ్చాయి. ఆ కాలవలు నీటి పారుదలకే కాదు, రాకపోకలకూ కట్టినవి. కాకినాడ నుంచి ఏలూరు కాలవ, కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాం కాలవల మీదుగా మద్రాసు దాకా పడవ మీద పోగలిగేవారు. ధాన్యం, కొబ్బరికాయలు, బెల్లం, పెళ్లివారు అందరూ పడవ మీదే. నా చిన్నతనంలో మా ఊరి లాకుల దగ్గర పడవలు బారులు తీరి ఉండేవి. రోడ్లు ఆలస్యంగా రావడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. అడుగు లోతు తవ్వితే నీళ్లు ఊరే ఒండ్రు నేల మీద రోడ్డు వేయడం కన్నా కాలవలో పడవ నడపడం తేలిక.

కాలవ గట్టు దిగిన తరవాత పొలానికి, ఇంటికి మధ్య మాత్రం పుంతే దిక్కు. పుంత అంటే ఏమిటో ఈ తరానికి చెప్పాలి. రెండు పక్కలా పొలం గట్లు, మధ్యలో బండ్లు తిరిగి తిరిగి పల్లమైపోయిన దారి. వేసవిలో మోకాటి లోతు దుమ్ము, వానాకాలంలో మోకాటి లోతు అడుసు. ఎడ్లబండి చక్రం కర్రది, చుట్టూ ఇనుప పట్టా. ఆ పట్టాను కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే బిగుసుకుపోయేది. సన్నటి చక్రం గనుక బురదను కోసుకుంటూ పోయి అడుగున గట్టి నేల అందుకునేది. అడుగున గట్టి నేల ఉన్నంతవరకు అది మంచి చక్రమే. లేనిచోట ఇరుసు దాకా దిగబడేది. అప్పుడు ఇంకో జత ఎడ్లను తెచ్చి కట్టేవారు. సన్న చక్రం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ముంచుతుంది అన్న ఈ లెక్కే ఈనాటి మోటారు టైరుకూ వర్తిస్తుంది. అందుకే బండి చక్రంతో మొదలుపెట్టాను.

గాలి నింపిన రబ్బరు చక్రానికి థామ్సన్ అనే స్కాట్లండు ఆయన 1845లోనే పేటెంటు తీసుకున్నా అది మరుగున పడిపోయింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడైన డన్‌లప్, కొడుకు తొక్కే మూడు చక్రాల బండి కుదుపు తగ్గించడానికి చేసిన టైరే లోకంలో నిలిచింది. ఆ పేరుతో వెలిసిన కంపెనీ 1936లో బెంగాలులో హుగ్లీ ఒడ్డున సాహాగంజ్ దగ్గర ఫ్యాక్టరీ పెట్టింది. మన పల్లెల్లో ఎడ్లబండికి కూడా రబ్బరు టైర్లు వచ్చాయి. టైరు బండి ఉన్న కామందుకు ఊళ్లో ఒక హోదా. ఎడ్లకు సుఖం, రోడ్డుకూ సుఖం. కాని తొలకరి పుంతలో మాత్రం నున్నగా అరిగిన ఆ వెడల్పు టైరు జారి పక్కకు ఈడ్చుకుపోతూ ఉంటే పాత ఇనుప పట్టా బండివాడు నవ్వుతూ దాటిపోయేవాడు. ఇది నేను కళ్లారా చూశాను.

ఇక జీపు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు చేసిన విల్లీస్ జీపు 6.00-16 టైర్ల మీద నడిచింది. ఆరు అంగుళాల వెడల్పు, పదహారు అంగుళాల రిమ్ము అని ఆ అంకెలకు అర్థం. యుద్ధం తరవాత 1947లో మహీంద్రా వారు విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది. 1959 నవంబరు 1న మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు ఏర్పడ్డాయి. బి.డి.ఓ. గారి జీపు అనేది పల్లెవాళ్లకు సర్కారుకు మారుపేరైంది. ధూళి లేచిందంటే సమితి జీపు వస్తోందని పిల్లలం పరుగెత్తేవాళ్లం. సమితులు పోయి మండలాలు వచ్చాయి గాని ముసలివాళ్ల నోట సమితి జీపు అన్న మాట చాలాకాలం పోలేదు.

యుద్ధకాలపు జీపు టైరు గురించి ఒక చిత్రం చెప్పాలి. దాని అచ్చు ముందుకు తిప్పినా వెనక్కి తిప్పినా ఒకటే. ఎటు బిగించినా ఫరవాలేదు, ఇరుక్కుంటే వెనక్కి లాగినా అదే పట్టు. సైన్యానికి అది సౌకర్యం. కాని గుబ్బల మధ్య సందులు జిగట బురదను వదలవు. నాలుగు చుట్లు తిరిగేసరికి సందులు పూడిపోయి టైరు అప్పచ్చిలా నున్నగా అవుతుంది. ఆ తరవాత నాలుగు చక్రాలూ తిరిగినా బండి కదలదు.

బురద టైరు పనిచేసే తీరు ఇక్కడే ఉంది. గుబ్బలు ఎత్తుగా ఉండాలి, వాటి మధ్య సందులు వెడల్పుగా ఉండాలి. చక్రం తిరిగే వేగానికి సందుల్లోని మట్టి బయటికి ఎగిరిపోవాలి. మట్టి ఎగిరిపోతేనే గుబ్బ మళ్లీ కొత్తగా నేలను కరుస్తుంది. ట్రాక్టరు వెనక టైరు చూడండి. గుబ్బలు కోణంగా పేర్చి ఉంటాయి, తిరుగుతున్నకొద్దీ మట్టిని పక్కలకు నెట్టేస్తాయి. దాన్ని తిరగేసి బిగిస్తే పట్టు తగ్గిపోతుంది. వరి, చెరకు పండే నేలల కోసం ఇంకా లోతైన గుబ్బల టైర్లు వేరే చేస్తారు. దమ్ము చేసేటప్పుడు అవీ చాలక మన రైతులు ఇనుప కేజ్ వీల్స్ తొడుగుతారు. అంటే బురద ముదిరితే రబ్బరును పక్కనపెట్టి మళ్లీ తాతల నాటి ఇనుముకే వచ్చామన్నమాట. ఆ ఇనుప చక్రాలతోనే తారు రోడ్డెక్కి రోడ్డును దున్నేసే ప్రబుద్ధులతో రోడ్లు, భవనాల శాఖ మిత్రులు ఎంత వేగారో వారే రాయాలి.

నేను 1971లో ఎల్.డి.సి.గా చేరాను. 1982లో రంపచోడవరం వైపు బదిలీ అయింది. కార్యాలయం పేరు అక్కర్లేదు, అందులో పనిచేసినవారంతా మంచివారే, నాతో సహా రూలు ప్రకారం నడిచినవారే. అక్కడే నాకు వాహనాల సీటు ఇచ్చారు. రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం దాటాక నేల రంగు మారుతుంది. ఒండ్రు పోయి ఎర్ర గరప వస్తుంది. రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కితే అంతా రాయి. తూర్పు కనుమల ఖొండలైటు, చార్నొకైటు రాళ్లు అవి. విరిగిన చోట కత్తి అంచులా ఉంటాయి. వాగుల్లో మాత్రం నీటికి అరిగి సబ్బు పూసినట్టు జారతాయి. ఆ ప్రాంతంలో రోడ్డు మాటకే ఒక చేదు చరిత్ర ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో గిరిజనుల చేత వెట్టి చేయించడం 1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణమని మనందరికీ తెలుసు. నేను వెళ్లిన నాటికి కూడా లోపలి గూడేలకు రోడ్డు అంటే చెట్లు కొట్టేసిన ఖాళీ తప్ప మరొకటి కాదు.

అక్కడ మా డ్రైవరు గారు నా కంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. కోనసీమ మనిషి. మాట తక్కువ. టైర్ల ఇండెంటు వేసే సమయానికి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"గుమాస్తా గారండీ, ఈసారి గీతల టైర్లు తెప్పించకండి. గుబ్బల టైర్లు, పక్క గోడ దళసరిగా ఉన్నవి ఇప్పించండి. ఇక్కడ రాయి టైరును పైన కొయ్యదండి, పక్కన కోస్తది."

"కొటేషన్లలో ఏది తక్కువైతే అదే వస్తుంది డ్రైవరు గారూ. టైరు టైరే కదా" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. మూడు కొటేషన్లు తెప్పించాను, కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారు చేశాను, తక్కువ రేటు దగ్గర ఎర్ర సిరాతో టిక్కు పెట్టాను. ఇండెంటులో సైజు మాత్రమే రాశాను, 6.00-16 అని. అచ్చు ఏదో, పక్క గోడలో ఎన్ని పొరల బలం ఉందో రాసే గడే మా ఫారంలో లేదు. వచ్చినవి తారు రోడ్డుకు చేసిన గీతల టైర్లు. రాజమండ్రి, కాకినాడల మధ్య తిరిగే జీపుకు అవి బంగారంలాంటివి. టైరు చెడ్డది కాదు, దాన్ని పంపిన చోటు చెడ్డది.

నాలుగు నెలలు తిరగలేదు. మారేడుమిల్లి అవతల ఒక వాగు గట్టు ఎక్కుతూ ఉండగా ఎడమ వెనక టైరు పక్క గోడ జానెడు చీలింది. ట్యూబు బయటికొచ్చింది. గేటరు వేసి కొన్నాళ్లు నెట్టుకొచ్చారు గాని పక్క గోడ చీలికకు గేటరు ఎన్నాళ్లు ఆగుతుంది? ఇంకో నెలకు రెండో టైరూ అలాగే పోయింది. టైరు ఇన్ని కిలోమీటర్లు తిరగాలని ఒక లెక్క ఉండేది. ఆ లెక్కలో సగం కూడా రాలేదు. ఆడిట్ వారు అభ్యంతరం రాశారు. జవాబు నేను పెట్టాలి. టైర్ల రిజిస్టరులో చివరి గడి, "తొలగింపునకు కారణం". అందులో నేను రాసిన మాట ఇది: "డ్రైవరు అజాగ్రత్త".

అలా రాయకపోతే ఇండెంటు తప్పని రాయాలి. ఇండెంటు నాది. పై అధికారి సంతకం ఉన్నది. ఫైలు కదిలింది. మిగిలిన కిలోమీటర్ల దామాషాలో డ్రైవరు గారి జీతం నుంచి నెలకు 30 రూపాయల చొప్పున పన్నెండు వాయిదాల్లో రికవరీ. ఆ రోజుల్లో ఆయన జీతానికి 30 రూపాయలంటే పిల్లల ఫీజులు. ఆయన నోరెత్తి ఒక్క మాట అనలేదు. ప్రతి నెలా జీతాల రోజున అక్విటెన్సు రిజిస్టరులో సంతకం పెట్టి, మిగిలినది లెక్కపెట్టుకుని, "వస్తానండి" అనేవారు. పన్నెండు నెలలు ఆ "వస్తానండి" విన్నాను.

రాళ్ల దారికి టైరు సంగతి తరవాత తెలుసుకున్నాను గనుక ఇక్కడే చెప్పేస్తాను. రాతి మీద టైరును చంపేది పక్క గోడకు తగిలే దెబ్బ. పైభాగం దళసరి రబ్బరు, దానికింద బలమైన పొరలు. పక్క గోడ పల్చన. అందుకే రాళ్ల దారికి పక్క గోడలో పొరలు ఎక్కువ ఉన్న టైరు, భుజం మీదనుంచి పక్కకు కొంత దిగివచ్చే గుబ్బలున్న టైరు కావాలి. బురదకు మెచ్చిన పెద్ద గుబ్బలు, వెడల్పు సందులు తడి రాతి మీద అంత మెప్పు పొందవు. రాతికి తగిలే రబ్బరు తక్కువైపోతుంది కదా. అక్కడ చిన్న చిన్న గుబ్బలు, వాటి మీద సన్నటి కోతలు ఉంటే పట్టు బాగుంటుంది. గాలి కొంచెం తగ్గిస్తే టైరు రాయిని కావలించుకుంటుంది. మరీ తగ్గిస్తే పక్క గోడ ఉబ్బి రాయి కోతకు ఎదురెళుతుంది. ఆ మధ్య మార్గం పట్టుకోవడమే డ్రైవరు నేర్పు. ఇంకొక సంగతి. చాలా రేడియల్ టైర్లకు పాత అడ్డపొరల టైర్లతో పోలిస్తే పక్క గోడ మెత్తన. మన దేశంలో రేడియల్ టైర్లు 1970ల చివర్లో వచ్చినా, మన జీపులకు 1990ల దాకా అడ్డపొరల టైర్లే వాడడంలో కొంత అర్థం ఉంది.

1986 ఆగస్టు 16 నాటి వరదకు నేను రాజమండ్రి తిరిగి వచ్చేశాను. గోదావరి ఎన్నడూ చూడనంత ఎత్తున పారింది. ఆ వారం జీపుకు పనిలేదు, పడవలే తిరిగాయి. నీరు తీశాక లంకల్లో మిగిలిన ఒండ్రు మీద పైన ఎండి చెక్కు కట్టినట్టు ఉండేది, లోపల పాలకోవాలా ఉండేది. చెక్కు మీద మనిషి నడుస్తాడు, జీపు మాత్రం దిగబడుతుంది. అప్పుడు బురదలో బండ్లు తోయడమే తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు. నేర్చుకున్నది పదేళ్ల తరవాత.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాల నుంచి సముద్రం మీదికి వెళ్లినవారు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరి చెట్లు తలలు తెగి, మొదళ్లతో లేచి రోడ్ల మీద అడ్డదిడ్డంగా పడ్డాయి. సహాయ పనులకు అన్ని శాఖల సిబ్బందినీ పంపారు. మూడో రోజు తెల్లవారుజామున రాజమండ్రి నుంచి ఒక జీపులో క్లోరిన్ మాత్రలు, సెలైన్ సీసాలు, రొట్టెలు వేసుకుని బయల్దేరాం. నన్ను లెక్కలు రాయడానికి వేశారు. జీపు దగ్గరికి వెళ్తే స్టీరింగు ముందు కూర్చున్నది ఆ డ్రైవరు గారే. బదిలీ మీద అప్పటికి రెండేళ్లుగా మా పక్క సెక్షనులోనే ఉన్నారట, నాకు తెలియదు. రిటైరవడానికి ఇంకొంత కాలమే ఉంది. "ఎక్కండి గుమాస్తా గారూ" అన్నారు. అంతే.

జీపుకు ఉన్నవి మళ్లీ గీతల టైర్లే. ఫోర్ వీల్ గేరు కూడా లేని బండి. ముమ్మిడివరం దాటి కాట్రేనికోన దారిలో చెట్లు నరుక్కుంటూ వెళ్లాం. రోడ్డు పూర్తిగా మూసుకుపోయిన చోట పక్కనున్న పర్ర భూమిలోకి దిగాల్సి వచ్చింది. ఉప్పు కలిసిన నల్ల బురద, అడుగు లేదు. యాభై గజాలు వెళ్లేసరికి వెనక చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి. తిప్పినకొద్దీ గుంత పెరిగింది. నేను దిగి తోయబోతే ఆయన వారించారు.

"తొయ్యకండి. తిప్పితే మునుగుద్దండి. టైరు నున్నగయిపోయింది, దానికింక పళ్లు లేవు."

గీతల్లో బురద నిండి టైరు కుండలా మెరుస్తోంది. ఆయన వాల్వు మూతలు తీసి అగ్గిపుల్ల పెట్టి నొక్కారు. నాలుగు టైర్లలోనూ గాలి సగానికి దించారు. టైర్లు చప్పబడి పాదం వెడల్పయింది. "మెత్తటి నేల మీద వెడల్పు పాదం పైన తేలుద్దండి. పుంతలో అయితే సన్న టైరే మేలు, అడుగున గట్టి నేల దొరుకుద్ది. ఇక్కడ అడుగు లేదు" అన్నారు. తరవాత పడిపోయిన చెట్ల కొబ్బరి మట్టలు లాగి తెచ్చి చక్రాల ముందు పరిచాం. ఊరివాళ్లు నలుగురు వచ్చారు. వాళ్లకు మూడు రోజులుగా తిండి లేదు. అయినా మట్టలు మోశారు. కొబ్బరి తాడును వెనక టైర్ల చుట్టూ రిమ్ము సందుల్లోంచి అడ్డంగా చుట్టి బిగించారు. ఆ తాడు వరసలే గుబ్బలయ్యాయి. మొదటి గేరులో, ఆక్సిలేటరు తొక్కీ తొక్కనట్టుగా, జీపు పాకుతున్న తాబేలులా గట్టెక్కింది.

దీనికంతటికీ ఐదు గంటలు పట్టింది. మేము చేరవలసిన బడిలో వాంతులూ విరేచనాలతో ఉన్నవారు సెలైన్ కోసం చూస్తున్నారు. మేము చేరే సరికి ఒక ముసలమ్మ పోయి అప్పుడే అరగంట అయిందన్నారు. ఐదు గంటలు ముందు వెళ్తే బతికేదా అంటే డాక్టరు గారు చెప్పలేనన్నారు. నేనూ చెప్పలేను. ఆ రాత్రి బడి వరండాలో పడుకున్నప్పుడు డ్రైవరు గారితో అన్నాను. "ఆ రోజు రంపచోడవరంలో మీరు చెప్పింది నేను వినలేదు. రిజిస్టరులో అబద్ధం రాశాను" అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెలుసండి. ఆ గడి నేను చూశాను" అన్నారు. చదువుకున్నారని నాకు తెలియదు.

తిరిగి వచ్చాక నోటు పెట్టాను. తీర గ్రామాలకు వెళ్లే జీపులకు గుబ్బల టైర్లు, మన్యానికి వెళ్లేవాటికి పక్క గోడ బలమున్నవి, పట్టణంలో తిరిగేవాటికి గీతల టైర్లు, ఇలా నేలను బట్టి ఇండెంటులో అచ్చు కూడా రాయాలని. "చర్చించండి" అని మార్జినులో రాసి తిప్పి పంపారు. చర్చించాను. రెండు నెలలకు ఒక జీపుకు మాత్రం మంజూరైంది. అది చిన్న విజయమే గాని ఫారంలో కొత్త గడి గీయించాను, "అచ్చు, పొరలు" అని. నేను దిగిపోయేదాకా ఆ గడి ఉంది.

రికవరీ సంగతి అంత తేలిగ్గా తేలలేదు. పదమూడేళ్ల నాటి ఆర్డరు తిరగదోడడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆయన పింఛను కాగితాలు తయారు చేస్తున్నప్పుడు సర్వీసు రిజిస్టరులో ఆ రికవరీ ఎంట్రీ బయటపడి "ప్రవర్తన" గడి దగ్గర ప్రశ్న లేవనెత్తారు. 360 రూపాయల విషయం, గ్రాట్యుటీ నాలుగు నెలలు ఆగింది. ఆ నాలుగు నెలల్లో ఆయన రెండో కూతురి పెళ్లి ముహూర్తం మార్చుకున్నారు. నేను పాత ఫైలు వెతికించి, ఇండెంటు నకలు తీసి, తప్పు ఇండెంటుదేనని, దాన్ని రాసింది నేనేనని సంతకం పెట్టి ఇచ్చాను. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను. ఆయన గ్రాట్యుటీ వచ్చింది. 360 రూపాయలు మాత్రం తిరిగి రాలేదు. దానికి ఏ పద్దూ దొరకలేదు. నా జేబులోంచి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆయన కాలం చేసి తొమ్మిదేళ్లయింది.

ఇక మా మనవడి టైర్ల దగ్గరికి వద్దాం. ఈ రోజుల్లో టైర్లు మూడు రకాలుగా అమ్ముతున్నారు. తారు రోడ్డుకు హెచ్.టి., అన్ని నేలలకూ కొంత కొంత పనికొచ్చే ఎ.టి., బురదకు ఎం.టి. టైరు పక్కన 255/65 ఆర్ 18 అని ఉంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 65 శాతం, రేడియల్, రిమ్ము 18 అంగుళాలు అని అర్థం. ఇంకో చోట నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. దుకాణంలో ఎన్నేళ్లు మూలుగుతున్నదో దాన్నిబట్టి తెలుస్తుంది. కొత్తగా మెరిసే టైరుకు కూడా రబ్బరు గట్టిపడి ఉండవచ్చు.

వాడు ఏడాదిలో మారేడుమిల్లి వెళ్లేది రెండు మూడు సార్లు. గుడిస కొండ ఎక్కేది ఒకసారి. మిగతా రోజులన్నీ రాజమండ్రి, కాకినాడ తారు రోడ్డే. బురద టైరు తారు మీద హోరుమని మోత పెడుతుంది, తొందరగా అరుగుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వాన తడిసిన రోడ్డు మీద బ్రేకు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది. గుడిస దారిలో ఉన్నది ఎక్కువగా రాయి, ఎర్ర మట్టి. అందుకని ఎ.టి. టైర్లలో పక్క గోడ గట్టిగా ఉన్నవి చూడమన్నాను. పూర్తి సైజు స్టెప్నీ, చిన్న గాలి పంపు, గాలి కొలిచే మీటరు వేసుకోమన్నాను. లంక ఇసుకలోకి దిగితే గాలి పద్దెనిమిది పౌండ్ల దాకా దించమన్నాను. పెద్ద గుబ్బలు ఇసుకను తవ్వుకుని కిందికి దిగుతాయి గాని పైకి తేలవు. మళ్లీ తారెక్కగానే గాలి పట్టకుండా వేగం పోతే టైరు వేడెక్కి పేలుతుందని రెండుసార్లు చెప్పాను. కొబ్బరి తాడు ఒక చుట్ట కూడా వేసుకోమంటే నవ్వాడు గాని వేసుకున్నాడు.

టైర్లు బిగించిన రోజు సాయంత్రం నేను ఒక లాంగ్‌నోటు పుస్తకంలో గడులు గీశాను. టైరు నెంబరు, అచ్చు, పొరలు, వేసిన తేదీ, మీటరు రీడింగు, తొలగించిన తేదీ, తొలగింపునకు కారణం. మొన్న వాడు గుడిస నుంచి వస్తూ కుడి వెనక టైరు పక్క గోడ కోసుకుని వచ్చాడు. వాడేం తొందరపడి నడపలేదని పక్కన కూర్చున్న స్నేహితుడు చెప్పాడు. టైరు దింపించి చీలిక వేలితో కొలిచి చూశాను. చివరి గడిలో "రాయి" అని రాసి సంతకం పెట్టాను.